నలభై ఒక్కమంది దూకిన కాలవ

సంపూర్ణమ్మ గారి దగ్గర పది నిమిషాలు కూర్చుంటే చాలు, మీ తాతగారు కాలవలో దూకేస్తారు. మీ తాతగారికి ఈత రాకపోవచ్చు. ఆయన జన్మలో బూరుగుగరువు వైపు తొంగి చూసి ఉండకపోవచ్చు. ఆవిడకి అవేవీ అడ్డం కావు. "ఏ ఊరు బాబూ?" అని మొదలుపెట్టి, "ఎవరి తాలూకు?" అని అందుకుని, మీరు మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టేలోపు మీ తాతగారి చేత చొక్కా విప్పించి, పంచె ఎగ్గట్టించి, చర్చి గంట కోసం నీళ్ళలోకి దూకించేస్తారు.

గంట మాత్రం నిజమే. బూరుగుగరువు చర్చికి ముందు కాలవ, వెనక కొబ్బరితోట, మిగిలిన రెండు పక్కలా వరిచేలు. గానుగ సున్నంతో కట్టిన గోడలు, తాటి దూలాలు, బెంగుళూరు పెంకులు. కట్టి నూరేళ్ళయింది. గంట ఓడ మీద కాకినాడ వచ్చింది, అక్కణ్ణుంచి పడవ మీద కాలవల్లో ఊళ్ళోకి వచ్చింది, రేవులో దించుతుంటే నీళ్ళలో పడింది. ఎవరో తీశారు. ఇంతవరకూ ఊరంతా ఒకే మాట. ఆ తీసిందెవరన్న దగ్గర సంపూర్ణమ్మ గారు మొదలవుతారు.

ఆవిడకి ఎనభై రెండేళ్ళు. రిటైరైన ఎలిమెంటరీ స్కూలు టీచరమ్మ. చర్చిలో తొలినాళ్ళలో వాక్యం చెప్పిన ఉపదేశి దేవసహాయం గారి మనవరాలు. తెల్ల చీర, నల్ల గొడుగు, బొడ్లో చర్చి ఇనప్పెట్టె తాళంచెవి. ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ మామ్మగారే.

చర్చి మీటరు బాగుచెయ్యడానికి కొత్త లైన్‌మన్ గంగాధర్ వచ్చిన రోజు హైస్కూలు మాస్టారు విజయ్ పాల్ అక్కడే ఉన్నాడు.

"ఏ ఊరు బాబూ నీది?" అన్నారు మామ్మగారు.

"పిఠాపురం అవతలండి."

"మీ తాతగారు ఏం చేసేవారు?"

"రైల్వేలో పనండి. సామర్లకోట దాటి ఇటెప్పుడూ రాలేదండి."

"రాలేదని ఆయన చెప్పాడా?"

"ఆయన నేను పుట్టకముందే పోయారండి."

"మరి నీకెలా తెలుస్తుంది నాయనా? సెలవు పెట్టి వచ్చాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి."

గంగాధర్ నిచ్చెన మీదే నిటారుగా అయిపోయాడు. "అవునండి, పొడుగని మా నాన్న కూడా అనేవాడండి."

"అదీ! ఆ పొడుగుంది గనకే కాలవ అడుగు అందింది. గంటని చంకలో పెట్టుకుని పైకి తేలాడు."

ఆదివారం గంగాధర్ భార్యాబిడ్డల్ని బండి మీద తీసుకొచ్చి గంట చూపించి వెళ్ళాడు. అప్పటినుంచి ఊళ్ళో కరెంటు పోతే మొదట చర్చికే వస్తోందని చెప్పుకుంటారు.

ఆకుకూరలమ్మే సూరమ్మ దగ్గర కథ కొంచెం మారింది. "మా తాతకి కాలు అవిటండి, ఆయనేం దూకుతాడు?" అంది సూరమ్మ ముందుగానే. "మీ తాత సంగతి ఎవరడిగారే? దూకింది మీ మామ్మ. మొగాళ్ళంతా నీళ్ళ కేసి చూస్తూ నసుగుతుంటే, కొంగు నడుముకి బిగించి, 'తప్పుకోండెహె' అని దూకింది" అన్నారు సంపూర్ణమ్మ గారు. సూరమ్మ ఆ రోజు తోటకూర కట్టలు రెండు ఎక్కువిచ్చి, ఊరంతా "తప్పుకోండెహె" అంటూ తిరిగింది.

జగన్నాథరావు గారు పెద్ద రైతు. చర్చి పక్క చేలు ఆయనవే. ఆయనది వేరే మతం, ఇంట్లో నిత్యపూజ. కానీ ప్రతి పంటకీ మొదటి బస్తా చర్చికి వస్తుంది, కోతల పండగలో కానుకల వేలం పెడితే పెద్ద గుమ్మడికాయ ఆయనే పాడుకుంటారు. కారణం మామూలే. ఆయన తాతగారు కూడా దూకారు.

ఒకసారి ఆయనకే అనుమానం వచ్చింది. "మామ్మగారండీ, మా తాతకి నీళ్ళంటే భయమండి. పుష్కరాలకి రాజమండ్రి వెళ్ళి కూడా గట్టు మీద నిలబడి చెంబుతో నెత్తిన చల్లుకుని వచ్చేశాడంటారండి."

"అంత భయం ఉండీ దూకారంటే చూడండి. అదండీ గుండె అంటే!"

జగన్నాథరావు గారు కళ్ళు తుడుచుకున్నారు. ఆ ఏడు గుమ్మడికాయతో పాటు కోడిపుంజు కూడా ఆయనే పాడుకున్నారు.

ఇదంతా చూసి నవ్వుకుంటే సరిపోయేది. విజయ్ పాల్ నవ్వుకునే రకం కాదు. హైస్కూల్లో సోషల్ మాస్టారు, చర్చి సంఘానికి సెక్రటరీ. పేపర్లు దిద్దడం ఉద్యోగం, మనుషుల్ని దిద్దడం సరదా. జేబులో ఎర్ర పెన్ను లేకుండా పెళ్ళికి కూడా వెళ్ళడు. వెళ్ళి శుభలేఖలో తప్పులు దిద్ది మరీ వస్తాడు. అతను ఒక చిన్న నోటుబుక్కు పెట్టి, దాని మీద 'దూకినవారు' అని రాసి, మామ్మగారు ఎవర్ని దూకిస్తే వాళ్ళ పేరు ఎక్కించడం మొదలుపెట్టాడు. మూడేళ్ళలో నలభై ఒక్క పేర్లయ్యాయి.

మామ్మగారి సొంత తాత దేవసహాయం గారి పేరు మాత్రం అందులో లేదు. ఊళ్ళో దూకని తాత ఆయనొక్కడే. అంత లెక్కలు తీసిన మాస్టారికి ఆ సంగతి తట్టలేదు. ఆ తర్వాత సిగ్గుపడాల్సి వచ్చిన వాటిలో అదొకటి.

నూరేళ్ళ జూబిలీ దగ్గర పడింది. గంట స్తంభానికి పాలరాయి పలక పెట్టించి, గంట తీసిన మనిషి పేరు చెక్కించాలని సంఘం తీర్మానించింది. తీర్మానం అయిన మర్నాటినుంచి ఊరు ఊరులా లేదు. "మా తాత పేరు పైన ఉండాలి" అని ఒకడు, "మా తాత ముందు దూకాడు, మీవాడు చూసి దూకాడు" అని ఇంకొకడు. రెండు వీధుల మధ్య పలకరింపులు ఆగిపోయాయి. తన మామ్మ పేరు లేకపోతే ఊళ్ళో తోటకూర అమ్మనని సూరమ్మ చెప్పేసింది.

"అన్ని పేర్లూ రాయించండి. రాయి కాస్త పెద్దది తెప్పించండి" అన్నారు సంపూర్ణమ్మ గారు, ఏమీ ఎరగనట్టు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. విజయ్ పాల్‌కి నిజం మీద ప్రేమ ఉంది, అది అబద్ధం కాదు. కానీ చిన్నప్పుడు అతన్ని కూడా మామ్మగారు ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "మీ ముత్తాత దానియేలు అందరికంటే ముందు దూకాడురా" అని చెప్పారు. మిగతా నలభై మందీ కల్పితమనీ, ఆ ఒక్కటీ నిజమనీ అతని నమ్మకం. అబద్ధాలన్నీ ఏరిపారేస్తే రాయి మీద మిగిలేది ఎవరి పేరో అతనికి తెలుసు. దానియేలు అన్న పేరుకి ఎంత పొడుగు అక్షరాలు పడతాయో చెక్కేవాడి దగ్గర కొలత కూడా తీసుకున్నాడు. భార్య క్రిస్టినాకి కూడా చెప్పలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక మీటింగు పెట్టారు. అయ్యగారు, అంటే పాస్టరు గారు, ప్రార్థన చేసి కూర్చున్నారు. విజయ్ పాల్ లేచి, నోటుబుక్కు తెరిచి, నలభై ఒక్క పేర్లూ హాజరు పిలిచినట్టు పిలిచాడు. పదో పేరుకి నవ్వులు మొదలయ్యాయి. ఇరవయ్యో పేరుకి బెంచీలు కదిలాయి. అతనికి ఊపొచ్చింది.

"మామ్మగారూ, గంట పడింది ఒక్కసారే కదండీ. దూకింది నలభై ఒక్కమంది. అందరూ దూకితే కాలవలో నీళ్ళుంటాయా అసలు? గట్టు మీద చప్పట్లు కొట్టడానికైనా ఒక మనిషి మిగిలాడా?"

చర్చి గొల్లుమంది. తమ తాతల పేర్లు ఉన్నవాళ్ళే ఎక్కువ నవ్వారు. సంపూర్ణమ్మ గారు కూడా నవ్వారు. అక్కడ ఆగిపోయినా బాగుండేది.

"పోనీ ఒక్క పేరు చెప్పండి. నిజంగా తీసినవాడి పేరు."

ఆవిడ అతని కేసి చూశారు. "జ్ఞాపకం లేదు నాయనా" అన్నారు. ఆ మాట ఆవిడ నోట ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"జ్ఞాపకం లేనివి ఇన్నాళ్ళూ ఎలా చెప్పారండీ? దేవుడి మందిరంలో కూర్చుని ఎనభై ఏళ్ళ మనిషి ఇన్ని అబద్ధాలా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. సంపూర్ణమ్మ గారు గొడుగు తీసుకుని, చెప్పులేసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయారు. జూబిలీ కార్యక్రమంలో 'సంఘ చరిత్ర: శ్రీమతి సంపూర్ణమ్మ గారు' అని ఉన్న చోట విజయ్ పాల్ ఎర్ర పెన్నుతో కొట్టేసి తన పేరు రాశాడు. ముప్పై ఏళ్ళుగా ప్రతి వార్షికోత్సవంలో ఆ చరిత్ర చెబుతున్నది ఆవిడే.

ఇంటికొచ్చి భోజనానికి కూర్చుంటే క్రిస్టినా కంచం కొంచెం గట్టిగానే పెట్టింది.

"ఊళ్ళోవాళ్ళ తాతలు దూకితే మీకేంటండి? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"చరిత్ర అన్నాక నిజం ఉండాలి కదా."

"ఉండాలండి. కొంచెం మర్యాద కూడా ఉండాలి."

మరుసటి ఆదివారం మామ్మగారు వచ్చారు. ముందు బెంచీలో కాకుండా వెనక తలుపు దగ్గర కూర్చున్నారు. పొరుగూరినుంచి వచ్చిన చుట్టపావిడ ఎవరో, "గంట బాగా పాతదాండి?" అని అడిగింది. మాస్టారి చెవులు అటే ఉన్నాయి. "పాతదేనమ్మా" అన్నారు సంపూర్ణమ్మ గారు. అంతే. ఆవిడ ఊరు అడగలేదు, తాతని అడగలేదు. ఆ వారం ఊళ్ళో ఒక్క తాతా దూకలేదు. విజయ్ పాల్‌కి గొంతులో చేపముల్లు గుచ్చుకున్నట్టయింది. ముల్లు గుచ్చుకున్నా తింటున్నది వదలని మనిషి గనక పని ఆపలేదు.

చర్చి కట్టిన నాటి దినచర్య పుస్తకం ఇనప్పెట్టెలో ఉండాలని అయ్యగారు చెప్పారు. విజయ్ పాల్ తాళంచెవి కోసం మామ్మగారింటికి వెళ్ళాడు. ఆవిడ వసారాలో చేటలో బియ్యం చెరుగుతున్నారు.

"పెట్టెలో ఏముందిరా, చెదలు తప్ప" అన్నారు.

"దేవసహాయం గారి పుస్తకం ఉందంట కదండీ."

"ఉంటే ఏం? వద్దురా విజయా. నా మాట విను."

"ఏదో దాస్తున్నారండీ మీరు."

ఆవిడ చేట పక్కన పెట్టి, బొడ్లోంచి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టారు. "చదివాక మళ్ళీ తాళం వేస్తావో వెయ్యవో నీ ఇష్టం" అన్నారు.

పుస్తకం దొరికింది. అంచులు చెదలు తిన్నాయి గాని అక్షరం ముత్యంలా ఉంది. 1926 ఫిబ్రవరి పేజీ దగ్గర విజయ్ పాల్ కళ్ళజోడు తుడుచుకున్నాడు.

'గంట పడవలో వచ్చెను. రేవులో దించుచుండగా తాడు పట్టిన దానియేలు కల్లు త్రాగియుండుటచే చేయి విడిచెను. గంట కాలువలో మునిగెను. తీయుటకు ఎవరును దిగలేదు. నీళ్లు చల్లగా నున్నవనిరి.'

మాస్టారు మళ్ళీ చదివాడు. దానియేలు. ఇంకో దానియేలు ఎవరైనా ఉన్నారేమోనని ముందు పేజీలు తిప్పాడు. లేడు. ఏప్రిల్ చివర్లో ఇంకో నాలుగు ముక్కలున్నాయి.

'కాలువకు నీళ్లు కట్టివేసిరి. చీలమండ లోతు బురదలో గంట కనబడెను. ఇద్దరు చాలిరి.'

డెల్టాలో ఏటా వేసవికి కాలవలు కట్టేస్తారు. నీళ్ళు పోయి బురద మిగులుతుంది, బురద ఎండి నేల అవుతుంది. సరిగ్గా ఆ రేవు దగ్గరే విజయ్ పాల్ చిన్నప్పుడు ఎండాకాలం సెలవల్లో క్రికెట్ ఆడాడు. గంట ఎక్కడికీ పోదు, రెండు నెలలు ఆగితే చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళి తెచ్చుకోవచ్చు. ఇన్నేళ్ళుగా ఊరంతా ఈ సంగతి మరిచి తాతల్ని దూకిస్తోంది. సోషల్ మాస్టారు నలభై ఒక్క పేర్లు లెక్కపెట్టాడే గాని, కాలవ సంగతి ఒక్కసారి ఆలోచించలేదు.

అన్నిటికంటే తలవంపు ఇంకోటి ఉంది. దూకిందెవరని ఊరంతా కొట్టుకుంది. పడేసిందెవరని ఒక్కడూ అడగలేదు. అడిగే తీరిక మామ్మగారు ఎవరికీ ఇవ్వలేదు.

తాళంచెవి తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు. చెప్పులు విప్పి వసారా మెట్టు మీదే కూర్చున్నాడు.

"చదివావా?"

"చదివానండి."

"పైకి రా. మెట్టు మీద చీమలుంటాయి."

అతను కదల్లేదు. ఆవిడే చెప్పుకొచ్చారు.

"మీ నాన్న ఏసురాజూ నేనూ ఒకే తరగతి. మీ ముత్తాత అప్పటికి బతికే ఉన్నాడు. గంట మోగుతున్నంతసేపూ గేటు బయట నిలబడి, ఆగాక లోపలికి వచ్చేవాడు. కల్లు ఆ రోజుతోనే మానేశాడు, అయినా ఎవరూ వదల్లేదు. బళ్ళో పిల్లలు మీ నాన్నని 'గంట పడేసినోడి మనవడా' అని పిలిచేవారు. ఒకరోజు చింతచెట్టు కింద కూర్చుని ఏడుస్తున్నాడు. నాకు తొమ్మిదేళ్ళు. ఏం చెప్పాలో తెలీక, 'మీ తాత పడేశాడు గాని, దూకి తీసింది కూడా ఆయనేరా, మా తాత పుస్తకంలో ఉంది' అన్నాను. వాడు కళ్ళు తుడుచుకున్నాడు. పక్కనున్న పిల్లలు ఊరుకుంటారా? 'మరి మా తాత?' అన్నారు. మీ తాత కూడా అన్నాను. సాయంత్రానికి ఏడుగురు దూకేశారు."

విజయ్ పాల్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండూ మింగేశాడు.

"దూకినవాళ్ళు ఎంతమందైనా ఉండొచ్చురా. ఎవరికీ నష్టం లేదు. పడేసినవాడు ఒక్కడే అయితే, వాడి పిల్లలు ప్రతి ఆదివారం ఆ గంట వింటూ ఎలా బతుకుతారు చెప్పు?"

అతనికి నాన్న గుర్తొచ్చాడు. మొదటి గంట మోగగానే ఇస్త్రీ పంచె కట్టుకుని, ఛాతీ విరుచుకుని, వీధి మధ్యలో నడిచేవాడు. ఆరేళ్ళ కిందట పోయేదాకా అలాగే నడిచాడు. ఆ నడక ఈవిడ పెట్టిన భిక్ష. ఈవిడని నలుగురిలో నిలబెట్టి, అబద్ధాలకోరని తను హాజరు పిలిచాడు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

"మామ్మగారూ, నన్ను క్షమించండి."

"క్షమించడానికేముంది? లెక్కలు బాగా రాశావు. నలభై ఒకటని నాకే తెలీదు" అన్నారు ఆవిడ. "రాయి మీద ఏం చెక్కిస్తావు మరి?"

అతను తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి లేచాడు.

జూబిలీ రోజు చర్చి కిటకిటలాడింది. జగన్నాథరావు గారు పట్టుచొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నారు. గంగాధర్ వచ్చాడు, సూరమ్మ తలంటుకుని వచ్చింది. వెనక తలుపు దగ్గర కూర్చోబోయిన మామ్మగారిని విజయ్ పాల్ స్వయంగా చెయ్యి పట్టుకుని ముందు బెంచీకి తీసుకొచ్చాడు. దినచర్య పుస్తకం చేత పట్టుకుని మైకు ముందు నిలబడ్డాడు.

"ఈ చోట మామ్మగారి పేరు కొట్టేసి నా పేరు రాసుకున్నానండి. నేను చేసిన తప్పుల్లో అది పెద్దది. అందరి ముందూ ఆవిడని అవమానించాను. అందుకే ఇది కూడా అందరి ముందే చెప్పాలి. గంటని కాలవలో పడేసింది మా ముత్తాత దానియేలండి. తాగి ఉన్నాడు. చెయ్యి వదిలేశాడు."

సంపూర్ణమ్మ గారు, "వీడికేం పొయ్యేకాలం" అన్నట్టు నుదురు పట్టుకున్నారు.

జగన్నాథరావు గారు మెల్లిగా లేచారు. "మాస్టారూ, మరి మా తాతగారు దూకలేదాండి?"

"ఎవరూ దూకలేదండి. నీళ్ళు చల్లగా ఉన్నాయన్నారట."

జగన్నాథరావు గారి మొహం చిన్నబోయింది. పట్టుచొక్కా సర్దుకున్నారు. "అది మాత్రం నిజమేనండి. మా తాత చన్నీళ్ళు ముట్టేవాడు కాదు" అన్నారు.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత నవ్వు ఆగలేదు. నవ్వులు సద్దుమణిగాక విజయ్ పాల్ ఏప్రిల్ మొదటి వారం పేజీ తీసి చదివాడు. 'ఈస్టరు నాడు గంట లేదు. తెల్లవారకముందే దానియేలు ఇల్లిల్లు తిరిగి, గంట నేనే, లేవండి అని పిలిచెను. అన్ని వీధులును తిరిగెను. ఆ దినమున వచ్చినంతమంది మునుపెన్నడు రాలేదు.'

అప్పుడు సంపూర్ణమ్మ గారు గొడుగు ఆసరాగా లేచారు.

"ఒరేయ్ విజయా, అది సరేగాని, అంత గంట తాడు ఒక్కడే పట్టుకుంటాడా? పదిమంది పట్టినా మోయలేని బరువు. మిగతావాళ్ళ పేర్లు మా తాత రాయడం మర్చిపోయాడు. జగన్నాథరావు గారండీ, ఆ తాడు మీద మీ తాతగారి చెయ్యి కూడా ఉందండి."

జగన్నాథరావు గారు ఒక్క క్షణం ఆవిడ కేసి, ఒక్క క్షణం తల వంచుకున్న మాస్టారి కేసి చూశారు.

"ఉండే ఉంటుందండి. ఉండి, వదిలేసే ఉంటారు. తిలాపాపం తలా పిడికెడు అన్నారు కదండీ, మా వాటా మాకిచ్చెయ్యండి."

"మా తాత కూడానండి! చెయ్యి జారుంటుందండి!" అన్నాడు గంగాధర్ వెనకనుంచి.

"మా మామ్మ తప్పుకోండెహె అని తాడు లాక్కునుంటుంది. అందుకే పడింది!" అని సూరమ్మ అరిచింది. దాంతో అయ్యగారు కూడా చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నవ్వారు.

'ఇద్దరు చాలిరి' అని ఉన్న పేజీలో విజయ్ పాల్ వేలు ఉంది. పదిమంది మోయలేరన్న గంటని ఇద్దరే ఎత్తారనే ఆ ముక్క అతను ఇంకా పైకి చదవలేదు. నూరేళ్ళ చరిత్రలో ఖచ్చితమైన మాట అదొక్కటే, పైగా పుస్తకం సాక్ష్యం ఉంది. అతను వేలు తీసేసి పుస్తకం మూసేశాడు.

రాయి మీద ఒక్క పేరూ చెక్కలేదు. 'ఈ గంటను పడేసినది, తీసినది ఈ ఊరివారే' అని ఒక్క వరస చెక్కించారు. చెక్కేవాడు రెండుసార్లు ఫోన్ చేసి కనుక్కున్నాడు, ఇది నిజంగా చెక్కాలాండి అని.

భోజనాలయ్యాక వీడియో తీయడానికి వచ్చిన అశోక్ కెమెరా సర్దుకుంటున్నాడు. సంపూర్ణమ్మ గారు మజ్జిగ గ్లాసు అతని చేతిలో పెట్టి పక్కన కూర్చున్నారు. ఇన్ని వారాల తర్వాత మొదటిసారి ఆవిడ అడిగారు.

"ఏ ఊరు బాబూ?"

"తుని అండి."

"మీ తాతగారు..." అని మొదలుపెట్టి, ఆవిడ చప్పున మాస్టారి కేసి చూసి ఆగిపోయారు. బళ్ళో పట్టుబడిన పిల్లలా మొహం పెట్టారు.

"మా తాతగారికేమైందండి?" అన్నాడు అశోక్.

విజయ్ పాల్ ఇటొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. అలవాటు లేని పని కదా, కొంచెం తడబడ్డాడు కూడా.

"ఈ గంట ఒకసారి కాలవలో పడిందండి. అప్పుడు తునినుంచి ఒకాయన వచ్చారండి..."

"మా తాతకి ఈత రాదండి!"

"రాకపోయినా దూకారు బాబూ" అన్నాడు సోషల్ మాస్టారు. "అదీ గుండె అంటే."

సంపూర్ణమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అశోక్ గ్లాసు కింద పెట్టి, కెమెరా మళ్ళీ బయటికి తీసి, గంట కేసి తిప్పాడు. విజయ్ పాల్ జేబులోంచి నోటుబుక్కూ ఎర్ర పెన్నూ తీసి, తాతగారి పేరేంటండీ అని అడిగి, నలభై రెండో పేరు రాసుకున్నాడు.